షుగర్ అదుపులో పెట్టుకోవడం ఎలా: ముందు పళ్ళెం, తర్వాతే పౌడర్లు

మన వైజాగ్‌లో షుగర్ పేషెంట్ లేని ఇల్లు చూపించమంటే కాస్త వెతుక్కోవాల్సిందే. ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) వాళ్ళు దేశమంతా చేసిన సర్వే 2023లో బయటకొచ్చింది, దాని లెక్క ప్రకారం 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది బోర్డర్‌లో ఉన్నారు. ఇంతమంది ఉన్నారంటే అమ్మేవాళ్ళు కూడా ఊరుకోరు కదా, అందుకే ఫోన్ తెరిస్తే చాలు ఏదో ఒక పౌడర్, ఏదో ఒక కషాయం, ఏదో ఒక క్యాప్సూల్. నేను చెప్పేది ఒకటే, ముందు పళ్ళెంలో అన్నం సంగతి తేల్చండి, ఆ తర్వాతే డబ్బాల సంగతి చూద్దాం. ఈ వరుస తిరగేస్తే డబ్బులు పోతాయి, షుగర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

మొదలుపెట్టే ముందు

ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ళలు వాడేవాళ్ళు ఇది చదివేసి రేపటి నుంచే అన్నం సగం చేసేయకండి. మందు డోసు అలాగే ఉండి తిండి తగ్గిపోతే షుగర్ డౌన్ అయిపోతుంది, అది పెరగడం కంటే తొందరగా ప్రమాదం తెస్తుంది. ముందు డాక్టర్ గారికి చెప్పండి, నేను తిండి మారుస్తున్నాను, మందు ఏమైనా తగ్గించాలా అని. అలాగే చీటీలో పేరు చివర గ్లిఫ్లోజిన్ అని వచ్చే బిళ్ళ ఉంటే (డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఇలాంటివి) అన్నం, రొట్టె పూర్తిగా మానేయడం, రోజంతా ఉపవాసం ఉండడం మీకు మీరే పెట్టుకోవద్దు, మీటర్‌లో నంబరు పెద్దగా కనపడకపోయినా ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ఐసీయూ దాకా వెళ్ళిన కేసులు ఉన్నాయి. గర్భిణులు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, టైప్ 1 పిల్లలు, వీళ్ళకి లెక్కే వేరు, డాక్టర్, డైటీషియన్ చెప్పిందే చెయ్యాలి.

స్టెప్ 1: మీ నంబర్లు కాగితం మీద పెట్టండి

పరగడుపున 100 లోపు ఉంటే నార్మల్, 100 నుంచి 125 బోర్డర్, 126 గానీ ఆపైన గానీ వస్తే షుగర్ కిందే లెక్క, అది కూడా ఇంకోసారి టెస్ట్ చేసి ఖాయం చేసుకోవాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అయితే 5.7 లోపు నార్మల్, 5.7 నుంచి 6.4 బోర్డర్, 6.5 గానీ ఆపైన గానీ వస్తే షుగర్. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకి మామూలుగా పెట్టే టార్గెట్ పరగడుపున 80 నుంచి 130, తిన్నాక 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 లోపు, పెద్ద వయసు వాళ్ళకి డాక్టర్లు ఇంకాస్త సడలిస్తారు. రక్తం తక్కువ ఉన్నవాళ్ళకి హెచ్‌బీఏ1సీ తప్పుగా చూపించొచ్చు, కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి, మన ఆడవాళ్ళు ముఖ్యంగా.

తర్వాత ఇంట్లో ఒక గ్లూకోమీటర్ ఉండాలి, ఎందుకంటే ఒకే ఇడ్లీ మీ ఆవిడకి 30 పెంచితే మీకు 70 పెంచొచ్చు, ఎవరి ఒళ్ళు వాళ్ళది. మొదటి ముద్ద నోట్లో పెట్టే ముందు ఒకసారి, ఆ ముద్ద దగ్గర్నుంచి రెండు గంటలకి ఇంకోసారి చూడండి. వేలు చివర మధ్యలో కాదు, పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా ఆరాక గుచ్చాలి. ఇది చిన్న విషయం అనుకోవద్దు, మామిడిపండు కోసిన చేత్తోనో బెల్లం ముక్క పట్టుకున్న చేత్తోనో గుచ్చితే వేలి మీద అంటుకున్న తీపి రక్తంలో కలిసి నంబరు ఎక్కడికో వెళ్ళిపోతుంది, ఇంట్లో అందరూ కంగారు పడిపోతారు. శానిటైజర్ రాసి తడిగా ఉండగా గుచ్చినా రీడింగ్ సరిగ్గా రాదు. ఇంకోటి, మనది సముద్రం పక్క ఊరు, గాలంతా తేమే, స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి పెట్టేస్తే స్ట్రిప్పులు పాడైపోతాయి, ఒకటి తీసి వెంటనే టక్కున మూసేయండి, నాలుగు తీసి కవర్‌లో పెట్టుకోవడాలు వద్దు.

ఒక వారం పాటు ఏమీ మార్చకుండా ఇప్పుడు తింటున్నదే తిని రాయండి. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ముందు ఎంత, తర్వాత ఎంత. అది లేకపోతే తర్వాత ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

స్టెప్ 2: అన్నం కొలవండి

ఇక్కడే అసలు పని ఉంది కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడుకుందాం. మన భారతీయుల తిండిలో కేలరీల్లో 62 శాతం దాకా పిండి పదార్థాల నుంచే వస్తున్నాయని ఐసీఎంఆర్ వాళ్ళే తేల్చారు, మన జిల్లాల్లో అయితే అందులో పెద్ద వాటా తెల్లన్నానిదే. వండిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. హస్తంతో రెండుసార్లు వడ్డించుకుని, మళ్ళీ పులుసులోకి ఒకసారి, పెరుగులోకి ఒకసారి పెట్టించుకుంటే 400 గ్రాములు దాటిపోవడం ఏమంత కష్టం కాదు, అంటే ఒక్క పూటకే 110 గ్రాముల పైన, ఆ తర్వాత ఎన్ని మెంతులు మింగినా ఏం లాభం.

కాబట్టి ఒక చిన్న వంటింటి కాటా కొనండి లేదా ఇంట్లో ఒకే కప్పు ఫిక్స్ చేసుకోండి. వారం రోజులు ఇప్పుడు ఎంత తింటున్నారో తూచి చూడండి. రెండో వారం దాంట్లోంచి పావు వంతు తగ్గించండి, సగం కాదు, పావు వంతే, ఎందుకంటే ఒకేసారి సగం తగ్గిస్తే నాలుగు గంటలకల్లా ఆకలేసి పునుగుల బండి దగ్గర తేలతారు. మీటర్ చూసుకుంటూ, మందుల సంగతి డాక్టర్‌తో మాట్లాడుకుంటూ ఇంకాస్త తగ్గించుకోవచ్చు. చాలామందికి ఒక పూటకి 120 నుంచి 150 గ్రాముల వండిన అన్నం దగ్గర నంబర్లు ఒక దారికి వస్తాయి, మీకెంత అన్నది మీ మీటరే చెప్పాలి.

గంజి వార్చితే షుగర్ అంతా పోతుందని, దానికో ప్రత్యేకమైన కుక్కర్ ఉందని అమ్ముతుంటారు. గంజితో కాస్త పిండి పోతుంది, బీ విటమిన్లు కూడా పోతాయి, అన్నం మాత్రం అన్నమే. చద్దన్నం వల్ల కొద్దిగా తేడా వస్తుంది, కానీ కొద్దిగానే, అది చూసుకుని రెండు కప్పులు తినేస్తే ఆ తేడా కాస్తా అక్కడే పోతుంది. దంపుడు బియ్యం మంచిదే, అది కూడా కొలిచే తినాలి.

స్టెప్ 3: తినే వరుస మార్చండి

ఖర్చు లేని పని ఇది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. కూర, పప్పు, చేప లేదా గుడ్డు ముందు తిని, అన్నం చివర్లో తింటే, అదే తిండి, అదే కొలత, అయినా తిన్నాక షుగర్ తక్కువ పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. కారణం కూడా సింపుల్, పీచు, ప్రోటీన్ ముందు వెళ్తే పొట్ట నిదానంగా ఖాళీ అవుతుంది, పిండి నెమ్మదిగా రక్తంలోకి దిగుతుంది.

మన అలవాటు దీనికి రివర్స్, పళ్ళెం నిండా అన్నం పెట్టుకుని దాని మీద కూర. మార్చుకునే పద్ధతి చెప్తాను. పళ్ళెంలో సగం కూరలు పెట్టండి, ఆనపకాయ, బీరకాయ, దొండకాయ, గోరుచిక్కుడు, తోటకూర, ఏదైనా సరే, దుంపలు మాత్రం ఆ లెక్కలోకి రావు, బంగాళాదుంప వేపుడు అన్నం ఖాతాలోకే వెళ్తుంది. పావు భాగం పప్పు, చేప, కోడి, గుడ్డు. మిగిలిన పావులో అన్నం. ముందు ఒక చిన్న గిన్నెలో కూర విడిగా తినేయండి, అందుకని కూరలో ఉప్పు, కారం తగ్గించాల్సి వస్తుంది, బీపీకి కూడా అది మంచిదే. ఇంట్లో అమ్మమ్మలు, అత్తయ్యలు ఉత్త కూర తినడమేంటి అంటారు, ఒక నెల రోజులు అననివ్వండి, మీ నంబర్లు చూపిస్తే వాళ్ళే గిన్నె పెడతారు.

స్టెప్ 4: పొద్దున్న టిఫిన్

ఇడ్లీ, దోస తప్పు కాదు, ఎన్ని, దేంతో అన్నదే ప్రశ్న. నాలుగు ఇడ్లీలు కారప్పొడి నెయ్యితో లాగించేస్తే అది దాదాపు పిండే. రెండు ఇడ్లీలు, గట్టిగా ఉండే కూరగాయల సాంబారు ఒక గిన్నె, ఒక ఉడికించిన గుడ్డు, ఇలా చేసి మీటర్ చూడండి. పెసరట్టు మనకి దొరికిన వరం, పెసలతో చేసేది కాబట్టి ప్రోటీన్ ఉంటుంది, అయితే పిండిలో బియ్యం ఎక్కువ కలపకుండా, లోపల ఉప్మా పెట్టకుండా, ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి దండిగా వేసుకుని. పూరీ, మైసూర్ బజ్జీ నెలకోసారి అనుకోండి.

రాగి జావ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మన దగ్గర చోడి అంబలి అని చిన్నప్పటి నుంచి తాగుతున్నాం, చోళ్ళు మంచివే, కాల్షియం ఉంది, పీచు ఉంది. కానీ మెత్తగా పిండి పట్టించి, నీళ్ళల్లో బాగా ఉడికించి, పల్చగా గ్లాసులో పోసుకుని తాగేస్తే అది గబగబా అరిగిపోతుంది, చాలామందికి తెల్లన్నంలాగే పెంచుతుంది, బెల్లం వేసి తాగితే ఇక చెప్పక్కర్లేదు. అదే చోడి పిండితో ఉల్లిపాయలు, మునగాకు కలిపి రొట్టె చేసుకుంటే కాస్త నయం. అంబలే కావాలంటే చిన్న గ్లాసు, మజ్జిగ కలిపి, పక్కన గుగ్గిళ్ళో గుడ్డో పెట్టుకుని.

స్టెప్ 5: బజారుకి వెళ్ళినప్పుడు

ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, మీకు దగ్గరున్న రైతు బజారు ఏదైనా సరే పొద్దున్నే వెళ్ళి ముందు ఆకుకూరలు, తర్వాత కాయగూరలు, సంచి బరువెక్కాక చివర్లో దుంపలు. చింతపల్లి, అరకు వైపు నుంచి వచ్చే రాజ్మా దొరికితే వదలకండి, రాజ్మా, ఉలవలు, బొబ్బర్లు, సెనగలు నెమ్మదిగా అరిగేవి, రాత్రి నానబెట్టి ఉడికించి గుగ్గిళ్ళు చేసుకుంటే సాయంత్రం బజ్జీల మీద మనసు పోదు. రాజ్మా మాత్రం నానిన నీళ్ళు పారబోసి, మెత్తగా అయ్యేదాకా కుక్కర్లో ఉడకాలి, సగం ఉడికితే వాంతులవుతాయి.

చేపల విషయంలో మనం అదృష్టవంతులం. షుగర్ ఉన్నవాళ్ళు వంజరం, చందువానే కొనాలని లేదు, కవళ్ళు, కానాగంతలు చవక, ఒమేగా 3 కొవ్వు వాటిల్లో బాగా ఉంటుంది. పులుసు పెట్టుకోండి లేదా పెనం మీద కొద్ది నూనెతో కాల్చండి, డీప్ ఫ్రై వద్దు. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, బీపీ ఉంటే తగ్గించండి. వారానికి రెండు మూడుసార్లు చేప తినే ఇంట్లో చేపనూనె క్యాప్సూల్ కోసం డబ్బులు పెట్టక్కర్లేదు, అవి రక్తంలో షుగర్‌ని తగ్గించవు కూడా.

స్టెప్ 6: తీపి, పళ్ళు, సాయంత్రం తిండి

అనకాపల్లి బెల్లం పక్కనే ఉంది కాబట్టి పంచదార మానేసి బెల్లం వాడుతున్నాం అని చాలా ఇళ్ళల్లో సంతోషంగా చెప్తారు. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే, కొద్దిగా ఖనిజాలుంటాయి అంతే, మీటర్‌కి ఆ తేడా తెలీదు. తేనె, తాటిబెల్లం కూడా అదే లెక్క. పండక్కి ఒక అరిసె, మాడుగుల హల్వా ఒక చిన్న ముక్క తిన్నారనుకోండి, ఆ పూట అన్నం ఆ మేరకు తగ్గించి తినండి, మిగతావన్నీ మామూలే, నేరం చేసినట్టు బాధపడక్కర్లేదు.

పళ్ళు జ్యూస్ చేసుకోవద్దు, కొరుక్కుని తినండి. జామకాయ, బొప్పాయి చిన్న గిన్నె, నేరేడు సీజన్‌లో నేరేడు. మామిడిపండు రెండు ముక్కలు తినొచ్చు, అన్నం కడుపునిండా తిన్నాక మాత్రం కాదు. బీచ్ రోడ్డు మీద ముంత మసాలా మరమరాలతో చేస్తారు, మరమరాలు తేలిగ్గా అనిపిస్తాయి కానీ షుగర్‌ని వేగంగా పెంచుతాయి, వేరుసెనగ, ఉల్లిపాయ, టమాటా ఎక్కువ వేసి మరమరాలు తక్కువ వెయ్యమంటే వేస్తారు. డయాబెటిక్ బిస్కెట్ అని రాసున్న ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి, చాలావాటిల్లో మైదానో గోధుమ పిండో మొదటి వరుసలోనే ఉంటుంది.

స్టీల్ ప్లాంట్, పోర్టు, ఫార్మా కంపెనీల్లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళు పెద్ద భోజనం డ్యూటీకి వెళ్ళే ముందే చేసేయండి. రాత్రి రెండింటికి క్యాంటీన్ అన్నం బదులు బాక్సులో గుగ్గిళ్ళు, గుడ్లు, మజ్జిగ. షిఫ్ట్ మారినప్పుడల్లా బిళ్ళ టైమ్ ఏం చెయ్యాలో డాక్టర్‌ని ముందే అడిగి రాయించుకోండి.

స్టెప్ 7: తిన్నాక నడక

భోజనం అయ్యాక 10, 15 నిమిషాలు నడవండి, మేడ మీదైనా వీధిలోనైనా. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో గంట నడిచి మిగతా రోజంతా కూర్చోవడం కంటే, ఆ నడకతోపాటు మూడు పూటలా తిన్నాక ఈ చిన్న నడక పెట్టుకుంటే తిన్నాక వచ్చే నంబరు బాగా దిగుతుంది, కండరాలు కదిలితే రక్తంలోని గ్లూకోజ్‌ని అవే లాక్కుంటాయి.

స్టెప్ 8: ఇప్పుడు సప్లిమెంట్లు

పైవన్నీ ఒక నెల రోజులు చేశాక ఇక్కడికి రండి. ఒకసారికి ఒకటే మొదలుపెట్టాలి, నాలుగూ కలిపి మొదలెడితే ఏది పనిచేసిందో, ఏది పొట్ట పాడుచేసిందో తెలీదు.

బీ12: మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బీ12 తగ్గిపోవచ్చు. పాదాల తిమ్మిర్లు, మంటలు వస్తే షుగర్ వల్లేలే అని సరిపెట్టుకుంటారు, బీ12 తక్కువైనా అచ్చం అలాగే ఉంటుంది. రక్త పరీక్ష చేయించుకోండి, తక్కువుంటే డాక్టర్ చెప్పిన డోసు వాడండి. శాకాహారులైతే ఇది అస్సలు మర్చిపోవద్దు. మొత్తం లిస్టులో డబ్బు పెట్టాల్సింది ఏదైనా ఉందంటే ఇదే.

విటమిన్ డి: తక్కువుంటే ఎముకల కోసం వాడాలి, షుగర్ తగ్గుతుందని కాదు. రోజుకి 4,000 యూనిట్లు ఇచ్చి చూసిన అమెరికా ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి, బోర్డర్‌లో ఉన్నవాళ్ళు షుగర్‌లోకి వెళ్ళకుండా అది చెప్పుకోదగ్గంత ఆపలేకపోయింది. 60,000 యూనిట్ల సాచెట్ వారానికి ఒకటి అని రాస్తారు, దాన్ని రోజుకొకటి వేసుకుంటే, నెలల తరబడి ఆపకుండా వాడితే కాల్షియం పెరిగి కిడ్నీలకి ఎసరు.

మెంతులు: రాత్రి ఒక చెంచా నానబెట్టి పొద్దున్నే గింజలతో సహా నమిలి తినడం మంచి అలవాటే, వాటిలో ఉండే జిగురు పీచు పనిచేస్తుంది, కాబట్టి ఉత్త నీళ్ళు తాగి గింజలు పారేయొద్దు. వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఇసబ్‌గోల్: భోజనానికి ముందు ఒక చెంచా పెద్ద గ్లాసు నీళ్ళతో, కలిపిన వెంటనే తాగేయాలి, తక్కువ నీళ్ళతో మింగితే గొంతులో ఉబ్బిపోతుంది. మిగతా బిళ్ళలకీ దీనికీ రెండు గంటలు ఎడం పెట్టండి, లేకపోతే మందు సరిగ్గా ఒంటికి పట్టదు.

కాకరకాయ రసం, పొడపత్రి, దాల్చినచెక్క, బెర్బెరిన్, వీటికి కొంచెం ప్రభావం ఉండొచ్చు, అందుకే షుగర్ బిళ్ళలతో కలిస్తే డౌన్ అయ్యే భయం కూడా ఉంది. కాకరకాయని కూరగా తినండి, గ్లాసుడు రసం వద్దు. బజార్లో దొరికే దాల్చినచెక్క చాలావరకు కాసియా రకం, దాంట్లో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ మోతాదులో లివర్‌కి పడదు, వంటల్లో వేసేంత వరకు పర్వాలేదు. క్రోమియం, మెగ్నీషియం లోపం ఉన్నట్టు తేలితే తప్ప నేనైతే కొనమని చెప్పను, కిడ్నీ సమస్య ఉంటే మెగ్నీషియం జోలికి వెళ్ళనే వద్దు.

డబ్బా కొనే ముందు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరు ఉందో లేదో చూడండి. సప్లిమెంట్ డబ్బా మీద ఇది మందుగా వాడేది కాదు అని ఇంగ్లీషులో రాసి ఉండాలన్నది రూలు, ఆ డబ్బానే చూపించి షుగర్ పోతుంది అని ఎవరైనా చెప్తే అక్కడే ఆగిపోండి. లేబుల్ లేని పొట్లాలు మరీ డేంజర్, అలాంటి పొడుల్లో ఇంగ్లీషు షుగర్ బిళ్ళలు నూరి కలిపినవి కూడా పట్టుబడ్డాయి, పది రోజుల్లో నంబరు పడిపోతే దానికి కారణం అదే కావచ్చు. అలాంటిది వేసుకుని మీ బిళ్ళ మానేయడం గానీ, రెండూ కలిపి వేసుకోవడం గానీ రెండూ ప్రాణం మీదికే.

స్టెప్ 9: షుగర్ డౌన్ అయితే

చెమటలు, వణుకు, గుండె దడ, కళ్ళు బైర్లు కమ్మడం. మీటర్ 70 లోపు చూపిస్తే, మీటర్ చేతిలో లేకపోయినా సరే, మూడు చెంచాల పంచదార నీళ్ళల్లో కలిపి తాగండి లేదా అర గ్లాసు పళ్ళరసం. 15 నిమిషాలాగి మళ్ళీ చూడండి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ అంతే. చాక్లెట్, బిస్కెట్ వద్దు, కొవ్వు వల్ల అవి ఆలస్యంగా పనిచేస్తాయి. సరిపోయాక ఏదైనా తినండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. ఖాళీ కడుపుతో మద్యం తాగడం వల్ల కూడా, షుగర్ బిళ్ళలు వాడేవాళ్ళకి, అర్ధరాత్రి ఇలా అవుతుంది.

ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్ళేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. 32 కిలోమీటర్లు అంటే మామూలు రోజు డోసు ఎక్కువైపోవచ్చు, వారం ముందే డాక్టర్‌ని అడగండి. జేబులో గ్లూకోజ్ ప్యాకెట్, మీటర్, పక్కన మీకు షుగర్ ఉందని తెలిసిన మనిషి ఉండాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు చెప్పుల్లేకుండా నడవొద్దు, స్వామి ఏమీ అనుకోడు, ఇంటికొచ్చాక అరికాళ్ళు అద్దం పెట్టి చూసుకోండి, పొక్కులేమైనా ఉన్నాయేమో.

స్టెప్ 10: మూడు నెలలకి

హెచ్‌బీఏ1సీ మళ్ళీ చేయించండి, అంతకంటే ముందు చేయిస్తే మీ మార్పు పూర్తిగా కనపడదు. డాక్టర్ దగ్గరికి కేజీహెచ్‌కి వెళ్ళినా ప్రైవేటుకి వెళ్ళినా మీ మీటర్ నోట్‌బుక్, వాడుతున్న బిళ్ళల అట్టలు, వాటితోపాటు మెంతుల దగ్గర్నుంచి పౌడర్ డబ్బాల దాకా అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. తిడతారేమోనని డబ్బాలు ఇంట్లో దాచిపెట్టి వెళ్ళొద్దు, లివర్, కిడ్నీ టెస్టుల్లో తేడా వస్తే కారణం వెతకడానికి ఆయనకి కావాల్సింది ఆ డబ్బాలే.